జైళ్లలో చదువు: తాళంచెవి పట్టినవారికీ పాఠం అవసరమే

ఢిల్లీలోని తీహార్ కారాగారం నుంచి ఒక ఖైదీ సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. తోటి ఖైదీని హెడ్ వార్డర్ చిత్రహింసలకు గురిచేశాడన్నది అందులోని ఫిర్యాదు. న్యాయస్థానం ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించింది. 1979 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెలువరించిన ఆ తీర్పు సునీల్ బాత్రా కేసుగా ప్రసిద్ధి పొందింది. ఖైదీలకు తమ హక్కులు తెలిసేలా హిందీలో ఒక కరదీపికను తయారుచేసి పంచాలని కోర్టు అందులో నిర్దేశించింది. అయితే పుస్తకం పంచినంత మాత్రాన చాలదు. దానిని చదవగల ఖైదీ కావాలి, అందులోని విషయం తెలిసిన వార్డరూ కావాలి. ఈ రెండు పనులూ ఎన్నడూ ఒకే వేగంతో సాగలేదు.

మొదటి పనిలో తీహార్‌కు మంచి పేరే ఉంది. 1993 నుంచి 1995 వరకు కిరణ్ బేడీ కారాగారాల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న కాలంలో చదువుకున్న ఖైదీలే ఉపాధ్యాయులయ్యారు. 1994లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, అక్కడ అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పింది. నోయిడా కేంద్రంగా పనిచేసే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పాఠశాల స్థాయి పరీక్షలు రాసే వీలుంది. చదువు వచ్చినవారు రానివారికి నేర్పే ‘పఢో ఔర్ పఢావో’ కార్యక్రమమూ ఆ బాటలోనిదే. తెలంగాణ కారాగారాల్లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయ కేంద్రాలున్నాయి. వేలిముద్రతో లోపలికి వచ్చినవారు సంతకం నేర్చుకుని వెళ్లాలన్న సంకల్పంతో తెలంగాణ జైళ్ల శాఖ ‘విద్యాదానం’ చేపట్టింది.

చిక్కంతా తరగతిని నిలబెట్టడంలోనే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలు 5,73,220 మంది. వారిలో సుమారు 76 శాతం విచారణ ఖైదీలు. అంటే నేరం ఇంకా రుజువు కానివారు. తరగతి మొదలైన నాడు ఉన్న విద్యార్థి నెల తిరిగేసరికి బెయిలుపై వెళ్లిపోవచ్చు, వేరే జైలుకు బదిలీ కావచ్చు, పాఠం వేళకు కోర్టు వాయిదాలో ఉండవచ్చు. ఏడాది పొడవునా సాగే పాఠ్యప్రణాళిక వీరికి సరిపడదు. రెండు మూడు వారాల్లో ముగిసే చిన్న పాఠాలు, మధ్యలో విడుదలైనా బయట కొనసాగించుకునే ఏర్పాటు ఎక్కువ మేలు చేస్తాయి. తీహార్, రోహిణి, మండోలీలలో కలిపి 16 కారాగారాలున్న ఢిల్లీలో ఆ నాటికి సామర్థ్యానికి సుమారు 184 శాతం మంది ఉన్నారు. అంత కిక్కిరిసిన చోట పుస్తకం తెరిచి కూర్చోవడానికి జాగా దొరకడమే కష్టం.

ఇక రెండో పని సంగతి. బ్యారక్ తలుపు తెరిస్తేనే బడి. తలుపు తెరవడానికి, ఖైదీలను తరగతికి తీసుకువెళ్లి తిరిగి లెక్క చూసుకోవడానికి సిబ్బంది ఉండాలి. 2022 చివరిలో దేశంలోని జైళ్లకు మంజూరైన ఉద్యోగాల్లో దాదాపు 30 శాతం ఖాళీగా ఉన్నాయి. ఉన్నవారికి కాపలాతోనే పొద్దు గడుస్తుంది. అటువంటప్పుడు చదువును అదనపు భారంగా తలచే వార్డర్‌ను తప్పుపట్టడం తేలికే గాని న్యాయం కాదు.

శిక్షణ సంస్థలు లేకపోలేదు. వేలూరులోని కారాగార, దిద్దుబాటు పరిపాలనా అకాడమీ దక్షిణాది రాష్ట్రాల అధికారులకు శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్ చంచల్‌గూడలోనూ రాష్ట్ర శిక్షణ సంస్థ ఉంది. జైళ్ల నిర్వహణకు ప్రత్యేకంగా అఖిల భారత సర్వీసు ఉండాలని 1980-83 నాటి జస్టిస్ ముల్లా కమిటీ సూచించింది. విధుల్లో చేరకముందే శిక్షణ ఇవ్వాలనీ, నిరక్షరాస్యులైన ఖైదీలకు చదువు తప్పనిసరి చేయాలనీ 2015 నాటి ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా నియమాలు చెబుతున్నాయి. 1993లో తీహార్‌లో మొదలైన విపశ్యన శిబిరంలో ఖైదీలతోపాటు జైలు ఉద్యోగులూ కూర్చున్నారు. అప్పట్లో అది వింతగానే తోచింది.

వలసపాలన నాటి 1894 చట్టం స్థానంలో కేంద్ర హోంశాఖ 2023లో నమూనా కారాగార చట్టాన్ని రూపొందించి రాష్ట్రాలకు పంపింది. జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం గనుక దానిని స్వీకరించడం రాష్ట్రాల ఇష్టం. జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించరాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పని పంచే వార్డర్‌కు తెలియకపోతే ఆ తీర్పు కాగితానికే పరిమితమవుతుంది.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ఇందుకు మరింత స్పష్టమైన ఉదాహరణ. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ, ఆ నేరానికి విధించదగిన గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడవుతాడు. ఇతరులకు సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు, పలు కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు. గడువు పూర్తికాగానే కోర్టుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు చేయవలసిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంట్‌పైనే ఉంచింది. లెక్కగట్టడం తెలిసిన గుమాస్తా లేని కార్యాలయంలో ఆ తేదీ గడిచిపోతుంది. తన కాగితాలను తానే చదువుకోగలిగిన ఖైదీ అయితే కనీసం అడగగలడు.