తుమ్మ బంక తాగితే యూరియా ఎందుకు తగ్గుతుంది?

ఒమన్ రాజధాని మస్కట్‌లో, అల్ ఖౌద్ ప్రాంతంలో, 1986లో తరగతులు మొదలుపెట్టిన సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం ఉంది. కాబోయే డాక్టర్లకు మందుల గురించి పాఠాలు చెప్పే అక్కడి ఫార్మకాలజీ విభాగం ఏళ్ల తరబడి పరిశోధించిన వాటిలో అకేషియా బంక ఒకటి. మన తుమ్మ బంకకు అది దగ్గరి చుట్టం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్లను ఎలా పీల్చేస్తోందో ఎరిగిన తెలుగువాళ్లం ఈ పరిశోధనను శ్రద్ధగా చదవాలి.

ఆ విభాగంలోని ఆచార్య బద్రెల్దీన్ అలీ బృందం ఎలుకల మేతలో అడినిన్ అనే రసాయనం కలిపి కొన్ని వారాలు పెట్టింది. ఒంట్లో అది కరగని పదార్థంగా మారి, కిడ్నీలోని సన్నని గొట్టాల్లో స్ఫటికాలై పేరుకుంటుంది. వాపు వచ్చి కిడ్నీ దెబ్బతింటుంది. కొన్ని ఎలుకలకు తాగే నీళ్లలో బంక కలిపారు, కొన్నింటికి కలపలేదు. బంక తాగినవాటిలో వాపు, ఆక్సీకరణ ఒత్తిడి తగ్గాయి. 2013లో ప్లాస్ వన్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

మనుషుల సంగతి? 1996లో అమెరికా పరిశోధకులు, మాంసకృత్తులు తక్కువగా తినే కిడ్నీ రోగులకు ఈ బంక ఇచ్చి చూశారు. రక్తంలో యూరియా తగ్గింది. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు బంకను తిని పెరుగుతాయి. పెరగడానికి వాటికి నత్రజని కావాలి. రక్తంలోంచి పేగులోకి చేరే యూరియా నుంచి దాన్ని తీసుకుంటాయి. ముందు గుమ్మం మూసుకుపోతే సామాను పెరటి దారిన పోయినట్టు, మూత్రంలో పోవలసిన నత్రజని కొంత మలంతో పోతుంది. రిపోర్టులో యూరియా తగ్గినంత మాత్రాన కిడ్నీ కోలుకున్నట్టు కాదు.

పైగా ఎలుకల్లో జబ్బుకు కారణం అడినిన్ అని మనకు తెలుసు. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఒకదానికి పనిచేసింది రెండోదానికి పనిచేస్తుందని అనుకోవడం ప్రమాదం.

బంక మందుల దారికి అడ్డం కూడా పడగలదు. సూడాన్‌లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు బంకతో పాటు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, ఆ మందు రక్తంలోకి చేరడం తగ్గింది. నాలుగు గంటల ఎడం ఇస్తే ఆ తేడా కనిపించలేదు. బంక తాగుతున్నవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.