పొలము నడుమనున్న బాటను మరలించు విధము

పైరు కోసిన వెనుక ఎవరెటు నడచినను అడ్డు చెప్పువారు లేని కాలమున ఏర్పడిన కాలిబాటలు మన గ్రామములలో పెక్కు కలవు. నేడా పొలములే తోటలును, మాగాణులును, చేపల చెరువులును అయినవి. నడుమ బాటయున్న పొలమునకు కంచె కుదురదు; నీరు సమముగా పారదు; అరక తిరుగుట కష్టము. కావున బాటను గట్టువెంబడికి మరలింప గోరుట అన్యాయము కాదు. కాని రాత్రికి రాత్రి తుమ్మకంప వేసి దారి మూయుట అన్యాయము. నాట్లవేళ దారి మూయబడిన పొరుగు రైతునకు నారు ముదిరిపోవును. కోతలవేళ మూయబడినచో పనలు తడిసి మొలకెత్తును. అటుపై పుట్టు తగవు తరతరములు నిలుచును.

ముందుగా ఆ బాట ఏ జాతిదో తెలిసికొనవలెను. బాటలు మూడు విధములు.

మొదటిది, సర్వే పటములో గుర్తింపబడిన పుంత లేక డొంక. ఇది పోరంబోకు. 1905వ సంవత్సరపు భూఆక్రమణ చట్టముచొప్పున ప్రజల బాటలు, సందులు, దారులు సర్కారు ఆస్తి. మీ పొలము రెండు ప్రక్కల నున్నంతమాత్రమున నడుమనున్న పుంత మీది కాదు. దానిని మరలింపవలెనన్న పంచాయతీకిని తహశీల్దారునకును అర్జీ పెట్టుకొని, బదులుగా ఇచ్చు భూమిని పటముతో చూపవలెను. వ్రాతపూర్వకమగు ఉత్తరువు వచ్చువరకు పాత దారి తెరచియే యుండవలెను.

రెండవది, పటములో లేకున్నను ఊరివారందరు అనాదిగా నడచుచున్న దారి. రేవునకు, శ్మశానమునకు పోవు దారులు సాధారణముగా నిట్టివి. ఈ హక్కు ఏ యొక్కనిదియు కాదు. కనుక ఏ యొక్కని సమ్మతియు, గ్రామపెద్ద నోటిమాటయైనను, చాలదు. ఆ దారిని వాడు ప్రతి పేట వారికిని ముందుగా తెలియవలెను. కూలికి పోవువారి మాట అడుగకుండ చేసిన ఏర్పాటు నిలువదు.

మూడవది, పొరుగు రైతు తన పొలమునకు పోవు దారి. దీనికి 1882వ సంవత్సరపు ఈజుమెంట్ల చట్టము ఆధారము. బహిరంగముగా, శాంతముగా, హక్కుగా, ఎడతెగక 20 సంవత్సరములు నడచినవానికి దారిహక్కు కలుగును. అనుమతి పుచ్చుకొని నడచినవానికి కలుగదు. అన్నదమ్ముల పంపకములో ఒకని భాగమునకు దారి లేకపోయినచో, రెండవవాని భాగములోనుండి దారి పొందవచ్చును. ఆ దారి ఎచటనుండవలెనో చూపుట భూమి గలవాని హక్కే గాని, అది నడచువానికి తగినంత అనుకూలముగా నుండవలెను. అతడు చూపనిచో నడచువాడే ఏర్పరచుకొనవచ్చును. నడచువానికి నష్టము లేనిచో, పొలమంతట తిరుగక ఒక వరుసనే నడువుమని భూమి గలవాడు కోరవచ్చును. కాలిబాట హక్కు గలవాడు దానిని బండ్లబాటగా మార్చుకొనరాదు. ఒకసారి కుదిరిన దారిని మార్చుటకు ఇరువురును ఒప్పుకొని, కొలతలతో పత్రము వ్రాసి రిజిస్టరు చేయించుట క్షేమము.

బాట మరలించినచో భూమి మిగులునని తలచువారు లెక్క చూచుకొనవలెను. చదరముగా నున్న ఎకరము పొలమునకు ఒక్కొక్క ప్రక్క సుమారు 209 అడుగులు. మూలనుండి మూలకు అడ్డముగా పోవు బాట 295 అడుగులు; రెండు గట్లవెంబడి చుట్టిపోయిన 417 అడుగులు. నాలుగడుగుల వెడల్పున అడ్డబాటకు పట్టు భూమి 2.7 సెంట్లు, చుట్టుబాటకు 3.8 సెంట్లు. అనగా భూమి మిగులదు, ఒక సెంటుకు పైగా అదనముగా పోవును. లాభమేమనగా పొలము ఏకఖండమగును. నడచువానికో, ప్రతిసారి 122 అడుగులు అధికము. గడ్డిమోపు నెత్తిన బెట్టుకొని దినమునకు పదిసార్లు పోయి వచ్చు కూలిమనిషికి ఇది అరమైలుకు కొంచెము తక్కువ. లాభము భూమి గలవానిది, శ్రమ నడచువానిది. కనుక క్రొత్త బాటను బాగుచేయు ఖర్చు భూమి గలవాడే భరించుట ధర్మము.

పని చేయు క్రమము ఇది. కోతలైన పిమ్మట వేసవిలో మొదలిడవలెను. తొలకరి వానలకు మట్టి అణగును. క్రొత్త బాటను నీరు నిలువనంత ఎత్తుచేసి, కాలువ దాటుచోట తూము వేయవలెను. బండ్లబాటయైనచో మూలమలుపులను వెడల్పు చేసి, నిండుబరువుతో ఒక బండిని నడిపించి చూడవలెను. అటుపైననే పాత బాటను దున్నవలెను. క్రొత్తది సిద్ధము కాకముందు పాతది మూయుటయే తగవులకు మూలము.

ఎవరైన దారి మూసినచో కంచె నరుకుటకు పోవలదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షనుక్రింద ప్రజల దారికి కలిగిన అడ్డును తొలగింపుమని మేజిస్ట్రేటును కోరవచ్చును. భూమిని వాడుకొను హక్కును గూర్చిన తగవువలన శాంతిభంగము కలుగునట్లున్నచో 166వ సెక్షను వర్తించును. ఎల్లకాలము నడచు హక్కైనచో, ఫిర్యాదునకు ముందు మూడు నెలలలోపల నడచియుండవలెను. ఏదో యొక కారున మాత్రము నడచునదైనచో, కడపటి కారులో నడచియుండవలెను. కావున ఆలస్యము తగదు. హక్కు ఎవరిదను తుది తీర్పు సివిలు కోర్టుది.

సంఘసభ్యులలో పెక్కుమంది గట్టుకు గట్టు కలిసిన పొరుగువారే. మేజిస్ట్రేటు కచ్చేరికి పోవుటకు ముందు, ఇరుపక్షములవారును గ్రామపటము చేతబట్టుకొని, గొలుసుతో పొలములో కలిసి నడచి చూచినచో, అనేక తగవులు ఆ గట్టుమీదనే తీరును.