తొలి గుడ్ల దశలో పెరటి పెట్టల యాజమాన్యం: కేతేపల్లి పరిస్థితులకు అన్వయం

పెరటి కోళ్ల పెంపకంలో పెట్ట తొలి గుడ్డు పెట్టే నాటికి రైతు కుటుంబం ఐదారు నెలల మేతను, శ్రమను వెచ్చించి ఉంటుంది. ఆదాయం మొదలు కావలసిన ఈ తరుణంలోనే కొన్ని మంచి పెట్టలు చేజారిపోతాయి. గుడ్డు ఆలస్యమైతే గొడ్డుపెట్ట అని, తోలు గుడ్డు పెడితే రోగమని భావించి అమ్మివేసే అవకాశం ఉంటుంది. కనుక ఈ దశలో సహజమైన మార్పులేవో, లోపాన్ని సూచించేవేవో విస్తరణ సిబ్బంది స్పష్టంగా వివరించగలగాలి.

తొలి గుడ్డు వయసు

వాణిజ్య తెల్ల లెగ్‌హార్న్ సంకరాలు 18–20 వారాలకే గుడ్లు ప్రారంభిస్తాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన గ్రామప్రియ, వనరాజా రకాలకు పెరటిలో సుమారు ఐదున్నర నుండి ఆరు నెలలు పడుతుంది. నాటు పెట్టలకు ఆరేడు నెలలు పట్టవచ్చు. గుడ్డుకు సిద్ధమైన పెట్ట తురాయి, తమ్మెలు ఎర్రబడి పెరుగుతాయి. కటి ఎముకల కొనల మధ్య రెండు మూడు వేళ్లు పట్టేంత ఎడమ ఏర్పడుతుంది. మనిషి చేయి చాచగానే పెట్ట ఒదిగి కూర్చుంటుంది.

పగటి వెలుగు ప్రభావం

పెరుగుతున్న పగటి వెలుగు అండాశయాన్ని ఉత్తేజపరుస్తుంది. తగ్గుతున్న వెలుగు మందగింపజేస్తుంది. కేతేపల్లి అక్షాంశంలో పగటి కాలం డిసెంబరులో దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటలకు కాస్త పైన ఉంటుంది. జూన్, జూలైలలో పొదిగిన పిల్లలు చిన్న పగళ్లున్న డిసెంబరు, జనవరి నెలల్లో ఈడుకు వస్తాయి కనుక వాటి తొలి గుడ్డు ఆలస్యం కావడం సహజం. తగిన శరీర బరువు వచ్చిన తరువాత గూటిలో తెల్లవారుజామున దీపం వెలిగించి, వారానికి అరగంట చొప్పున మొత్తం వెలుగును 14–16 గంటలకు పెంచవచ్చు. బరువు రాకముందే వెలుగు పెంచితే గుడ్డు త్వరపడుతుంది గాని, అపరిపక్వ అండవాహిక బయటకు జారే ప్రమాదం ఉంటుంది. గుడ్లు ప్రారంభమైన తరువాత వెలుగును తగ్గించరాదు.

సహజమైన వైపరీత్యాలు

ఒక గుడ్డు తయారు కావడానికి 24–26 గంటలు పడుతుంది. అందులో సుమారు 20 గంటలు పెంకు ఏర్పడటానికే వినియోగమవుతాయి. అండాశయానికి, అండవాహికకు మధ్య సమన్వయం కుదిరే వరకు చిన్న గుడ్లు, పచ్చసొన లేని గుడ్లు, రెండు సొనల గుడ్లు, తోలు గుడ్లు కనిపిస్తాయి. రోజు విడిచి రోజు పెట్టడం, పెంకుపై సన్నని రక్తపు చార ఉండటం కూడా మామూలే. ఇవి కొద్ది వారాలలో సర్దుకుంటాయి. గుడ్డు పరిమాణం క్రమంగా పెరుగుతుంది.

కాల్షియం అవసరం

ఒక్కొక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. తొలి గుడ్డుకు రెండు వారాల ముందు నుండే పెట్ట తన పొడవాటి ఎముకల మజ్జ భాగంలో కాల్షియాన్ని నిల్వ చేసుకుంటుంది. పెంకులో అధిక భాగం రాత్రివేళ ఏర్పడుతుంది కనుక ఈ నిల్వ కీలకం. మూసీ ఆయకట్టు వరి ప్రాంతమైనందున పెరటి కోళ్లకు వడ్లు, నూకలు, తవుడు సులభంగా లభిస్తాయి. వీటిలో కాల్షియం స్వల్పం. తవుడులో భాస్వరం మాత్రం అధికం. వీటిపైనే ఆధారపడిన పెట్ట ఎముకలను కరిగించుకొని గుడ్డు పెడుతుంది. క్రమంగా పెంకు పలుచబడి, కాళ్లు బలహీనపడతాయి. గుడ్ల దశ సమీపించినప్పుడు ముతకగా దంచిన ఆల్చిప్పలను లేదా సున్నపురాయి నలుసులను వేరే పాత్రలో ఉంచాలి. పెట్ట తనకు కావలసినంత తీసుకుంటుంది. నలుసులు కందనకాయలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి కనుక సాయంకాలం అందించడం మేలు. అయితే 3.5–4 శాతం కాల్షియం ఉండే లేయర్ దాణాను పెరిగే పిల్లలకు ముందుగానే ఇస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

వేసవిలో ఈడుకు వచ్చే పెట్టలు

నవంబరులో పొదిగిన పిల్లలు మే నెల ఎండలలో గుడ్లు ప్రారంభిస్తాయి. వేడికి మేత తగ్గుతుంది. వగర్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకుకు కావలసిన కార్బొనేట్ కొరవడుతుంది. నీడ, చల్లని నీరు సమకూర్చి, మేతను ఉదయం, సాయంత్రం చల్లని వేళల్లో ఇవ్వాలి.

ముందస్తు చర్యలు

నట్టల నివారణను, కొక్కెర తెగులు టీకాలను గుడ్ల దశకు ముందే పూర్తి చేయాలి. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, గడ్డి పరచిన చీకటి గూళ్లను రెండు వారాల ముందే అమర్చాలి.

తోలు గుడ్లు నెల దాటినా కొనసాగితే మేతను, కాల్షియాన్ని పరిశీలించాలి. గురక, తుమ్ములతో పాటు గుడ్లు హఠాత్తుగా తగ్గితే అంటువ్యాధిని అనుమానించి పశువైద్యుని సంప్రదించాలి. అండవాహిక జారిన పెట్టను వెంటనే వేరు చేయాలి. లేనిచో తోటి కోళ్లు పొడిచి చంపుతాయి. ఈ లక్షణాలేవీ లేని పెట్ట ఆలస్యంగా గుడ్లు ప్రారంభించినంత మాత్రాన దానిని తొలగించవలసిన పని లేదు. రైతు సలహా కోరినప్పుడు పిల్లలు ఏ నెలలో పొదిగినవి, ఏ మేత తింటున్నవి అన్న రెండు ప్రశ్నలతో విచారణను ఆరంభించడం సముచితం.