తుప్పు పట్టని కారుకూ రంగు ఉబ్బుతుంది!
పొరల కింద చిక్కిన తేమే కారణం - పైపూతతో పోయే జబ్బు కాదు

విశాఖపట్నం: లక్షలు వెచ్చించి కొన్న కారు. అద్దంలా మెరిసే రంగు. ఒక వర్షాకాలం గడిచేసరికి ఆ నునుపు మీద ఆవగింజంత బుడగలు. వేలితో తడిమితే గరుకు. షెడ్డులో చూపిస్తే రంగు నాసిరకమంటారు. దుకాణంలో అడిగితే వేసిన పనితనం బాగాలేదంటారు. ఈ వాదనలో నలిగిపోయేది యజమాని. ఆ మచ్చలను పైపైన అరగదీసి మళ్లీ రంగు కొట్టించుకుంటే కొన్ని నెలలకే అదే చోట బుడగలు తిరిగి లేస్తాయి. కారణం పైన కాదు, కింద ఉంది. పొరల అడుగున చిక్కుకున్న తేమను తొలగించనంత కాలం ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు.

రేకు తుప్పు పట్టడం వల్లే రంగు ఉబ్బుతుందని చాలామంది భావిస్తారు. అందులో సగమే నిజముంది. ఇనుప రేకు వాడకుండా తయారుచేసిన స్పోర్ట్స్ కార్లలోనూ ఇదే సమస్య దశాబ్దాలుగా కనిపిస్తోంది. అసలు దోషి ఎవరో తేల్చుకోవడానికి ఆ కార్లే తగిన ఉదాహరణ.

ఇనుము లేకున్నా...
బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. అందుకే స్పోర్ట్స్ కార్ల తయారీదారులు తొలి నుంచీ ఉక్కుకు ప్రత్యామ్నాయాలు వెతికారు. అమెరికాలో 1953లో వెలువడిన షెవర్లే కార్వెట్‌కు ఫైబర్‌గ్లాస్ దేహాన్ని అమర్చారు. ఆ ఏడాది తయారైనవి 300 కార్లే. బ్రిటన్‌కు చెందిన లోటస్ సంస్థ 1957లో ప్రదర్శించిన ఎలీట్ కారులో పైదేహమే కాదు, కారు బరువును మోసే నిర్మాణమూ ప్రధానంగా ఫైబర్‌గ్లాసే. అనంతరం అల్యూమినియం వంతు వచ్చింది. 1990లో మార్కెట్‌లోకి వచ్చిన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్, 1999 నాటి ఫెరారీ 360 మోడెనా అల్యూమినియం నిర్మాణానికి పేరొందాయి.

ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు. అయినా ఈ రెండింటి మీదా రంగు ఉబ్బుతుంది. ఉక్కు రేకు మీద ఉబ్బినా, వీటి మీద ఉబ్బినా ఉమ్మడిగా ఉండేది నీరే.

ఎండు ద్రాక్ష సూత్రం
రంగు పొర కంటికి గాజులా నిండుగా కనిపిస్తుంది. కానీ నీటి ఆవిరికి అది పూర్తి అడ్డుకట్ట కాదు. అతి స్వల్ప పరిమాణంలో తేమ లోపలికి వెళుతూ, బయటకు వస్తూ ఉంటుంది. పొర గట్టిగా అంటుకుని ఉంటే దీనివల్ల నష్టం లేదు. అడుగున ఉప్పు వంటి నీటిలో కరిగే పదార్థం మిగిలి ఉంటేనే చిక్కు మొదలవుతుంది.

ఎండు ద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. తొక్క గుండా నీరు లోపలికి వెళుతుంది, లోపలి చక్కెర మాత్రం అంత తేలికగా బయటకు రాదు. పాఠ్యపుస్తకాల్లో దీనినే ద్రవాభిసరణం అంటారు. రంగు కింద జరిగేదీ అదే. ఉప్పు కణం నీటిని లాగుతుంది. లోపల చేరిన ద్రవం పొరను పైకి నెడుతుంది. అడుగున పట్టు సడలిన చోట బుడగ లేస్తుంది. ఎండ తీవ్రతకు ముదురు రంగు కారు పైభాగం 60 డిగ్రీల సెల్సియస్‌ను దాటి వేడెక్కినప్పుడు పొర మెత్తబడుతుంది, లోపలి ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. దాంతో బుడగ మరింత విస్తరిస్తుంది.

ఆ ఉప్పు ఎక్కడిది? రంగు వేసే ముందు చెమట చేతితో తాకితే చాలు. వేలిముద్రల ఆకారంలో బుడగలు లేచిన కార్లూ ఉంటాయి. ఎమెరీ కాగితంతో తడిపి రుద్దేటప్పుడు వాడే బోరు నీరు మరో కారణం. తీరప్రాంతాల్లో భూగర్భజలం ఉప్పగా ఉన్న చోట ఆ నీరు ఆరిపోయినా లవణాలు మిగులుతాయి. చివరి కడుగు మంచినీటితో జరగకపోతే ఆ లవణాల మీదే ప్రైమర్ పడుతుంది.

ఒక్కో దేహానిది ఒక్కో తీరు
ఫైబర్‌గ్లాస్ అంటే గాజుపోగులను రెసిన్‌తో కలిపి గట్టిపరిచిన పలక. తయారీలో పోగులు పూర్తిగా తడవకపోతే లోపల సన్నని గాలి అరలు మిగులుతాయి. ఏళ్ల తరబడి తేమలో నిలిచిన పలకలో ఆ అరలు నీటికి నెలవవుతాయి. నీరు రెసిన్‌లోని కొన్ని భాగాలను నెమ్మదిగా విడగొట్టి ఆమ్ల గుణం గల ద్రవాన్ని పుట్టిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పడవల యజమానులను వేధించే సమస్య ఇదే. పాత రంగు తొలగించేందుకు ఘాటైన రసాయనాలు పూస్తే అవి రెసిన్‌లోకీ ఇంకుతాయి. కొత్త రంగు వేశాక బయటపడే మార్గం లేక పైకి తన్నుతాయి.

అల్యూమినియం తీరు వేరు. గాలి తగలగానే దానిపై పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి రక్షణనిస్తుంది. ఉప్పు తేమ ఆ రక్షణను ఛేదిస్తుంది. రంగు చిట్లిన అంచు నుంచి మొదలై పొర కింద సన్నని దారాల్లా క్షయం పాకుతుంది. గాలిలో తేమ 65 నుంచి 95 శాతం మధ్య ఉన్నప్పుడు ఈ దారాలు బాగా సాగుతాయి. ఇక అల్యూమినియం పలకకు ఉక్కు మర బిగించిన చోట ఉప్పునీరు చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్లే. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. తలుపు పిడులు, పక్క అద్దాల పీఠాలు, కీళ్లు, బానెట్ అంచుల వద్ద బుడగలు ముందుగా కనిపించడానికి కారణం ఇదే.

ఉక్కు రేకు సంగతి అందరికీ తెలిసిందే. ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే స్థలం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రంగు పైకి లేస్తుంది.

షెడ్డులోనే చేరే నీరు
వాన కురవకున్నా, కారు కడగకున్నా రంగు కిందకు నీరు చేరే దారి ఒకటుంది. అది కంప్రెసర్. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ గల ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అటువంటి 8 ఘనపు మీటర్ల గాలిని కుదించి ఒక ఘనపు మీటరు చేస్తే అందులో దాదాపు 190 గ్రాముల నీరుంటుంది. తిరిగి 30 డిగ్రీలకు చల్లారాక ఆ గాలి ఆవిరి రూపంలో మోయగలిగింది 30 గ్రాములే. మిగిలిన 160 గ్రాములు నీరుగా మారి ట్యాంకు అడుగుకు, గొట్టాలలోకి చేరుతుంది. రోజూ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి ఆ నీటిని వదలకపోయినా, గొట్టానికి నీటిని పట్టే ఫిల్టర్ లేకపోయినా ఆ తుంపర స్ప్రే గన్ గుండా రంగుతో కలిసి పలక మీద పడుతుంది.

రెండో దారి పుట్టీ. సొట్టలు పూడ్చే పుట్టీలో మెత్తని టాల్క్ పొడి ఉంటుంది. అది తడిని పీల్చుకుంటుంది. నీళ్లతో రుద్దిన పుట్టీని గంటసేపు ఆరబెట్టి ప్రైమర్ కొడితే పైభాగం పొడిగా ఉన్నా లోపల తడి నిలిచే ఉంటుంది. పుట్టీని పొడిగానే రుద్దడం మేలు.

మూడోది మంచు బిందువు. పైన చెప్పిన గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. రంగు వేసే పలక ఉష్ణోగ్రత అంతకంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలన్నది పూతల రంగంలో పాటించే నియమం. అంటే పలక 29 డిగ్రీలు దాటాలి. రాత్రంతా ఆరుబయట ఉన్న లోహం తెల్లవారుజామున గాలి కంటే చల్లగా ఉంటుంది. కంటికి కనపడని తడి పొర దానిపై పరచుకుని ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉదయాన్నే, వాన వెలిసిన వెంటనే రంగు పని మొదలుపెట్టడం చేటు తెచ్చేది ఇందుకే.

కప్పితే కాపాడినట్లు కాదు
ఖరీదైన కారును అపురూపంగా కప్పి ఉంచడం సహజం. గాలి ఆడని ప్లాస్టిక్ కవరును తడి కారు మీద కప్పితే మాత్రం అది ఆవిరి గదిగా మారుతుంది. పగటి ఎండకు లోపలి తేమ ఆవిరవుతుంది. రాత్రికి మళ్లీ నీరై రంగు మీద నిలుస్తుంది. ఎప్పుడో వారానికోసారి బయటకు తీసే స్పోర్ట్స్ కార్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. రోజూ తిరిగే కారు గాలికి ఆరుతుంది, నిలిపిన కారుకు ఆ అవకాశం లేదు.

వరదలో మునిగిన కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అటువంటి ముంపులో తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు బురదతో పూడుకుపోతాయి. ఇంజిన్ బాగుచేయించి, సీట్లు మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. తలుపుల లోపల, అడుగు పట్టీలలో నిలిచిన తడి లోపలి నుంచి బయటకు తన పని చేసుకుంటూ పోతుంది.

బుడగను ఎలా గుర్తించాలి?
మరమ్మతుకు ముందే కారణం తేల్చుకుంటే డబ్బు వృథా కాదు. కళ్లద్దాలు పెట్టుకుని ఒక బుడగను సూదితో గుచ్చి అడుగు చూడాలి.
* ఎర్రటి పొడి ఉంటే ఉక్కు తుప్పు.
* తెల్లని పొడి ఉంటే అల్యూమినియం క్షయం.
* ఫైబర్‌గ్లాస్ పలక నుంచి జిగురుగా, వెనిగర్‌ను పోలిన వాసనతో ద్రవం వస్తే పలక లోపలే తేమ చేరినట్లు.
* ప్రైమర్ చెక్కుచెదరకుండా, దానిపై తడి మాత్రమే కనిపిస్తే రంగు వేసేటప్పుడు చేరిన నీరు లేదా లవణం.
* పై పొరలో సూది మొన అంత రంధ్రాలే ఉండి తడి లేకపోతే అది తేమ కాదు. మందంగా రంగు కొట్టి తొందరగా వేడి చేయడంతో లోపల చిక్కిన థిన్నర్ ఎగదన్నిన గుర్తు.
పొడి వాతావరణంలో అణగిపోయి, వానలు పడగానే తిరిగి లేచే చిన్న బుడగలు తేమకు కచ్చితమైన సూచన. అణగాయి కదా అని ఊరుకోరాదు.

ఆరనివ్వడమే అసలు మరమ్మతు
బుడగలు లేచిన చోట రంగును పూర్తిగా, గట్టి అడుగు వచ్చేదాకా తీసివేయాలి. తరువాత చేయవలసిన పని ఓపిక పట్టడం. తేమ చేరిన ఫైబర్‌గ్లాస్ పలకను మితమైన వేడిలో రోజుల పాటు, ఒక్కోసారి వారాల పాటు ఆరబెట్టాలి. తేమ కొలిచే మీటరుతో నిర్ధారించుకున్నాకే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. అల్యూమినియం విషయంలో తెల్ల పొడి ఆనవాలు లేకుండా శుభ్రం చేసి, ఆక్సైడ్ పొర తిరిగి మందం కాకముందే ప్రైమర్ పూయాలి. ఉక్కు మీద వాడిన ఎమెరీ కాగితాన్ని దీనిపై వాడరాదు, ఇనుప రేణువులు అందులో దిగి కొత్త క్షయానికి బీజం వేస్తాయి. మరలు బిగించే చోట రెండు లోహాలు తాకకుండా మధ్యన ప్లాస్టిక్ లేదా రబ్బరు వాషర్ ఉంచాలి.

రెండు రోజుల్లో కారు కావాలని యజమాని ఒత్తిడి తెస్తే షెడ్డువారు కోత పెట్టేది ఈ ఆరబెట్టే సమయంలోనే. అందుచేత పని అప్పగించేటప్పుడే ఎన్ని రోజులు ఆరబెడతారో, ఏ ప్రైమర్ వాడతారో బిల్లు మీద రాయించుకోవడం ఇరువురికీ శ్రేయస్కరం.

పాత కారు కొనేవారు రంగు మందం కొలిచే పరికరాన్ని ఆశ్రయించవచ్చు. కర్మాగారంలో వేసిన రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మీద మాత్రమే రెట్టింపు కనిపిస్తే మళ్లీ రంగు వేసినట్లు. 1,000 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరు దాటితే కింద పుట్టీ ఉన్నట్లు. మామూలు పరికరాలు లోహం మీదే పనిచేస్తాయి. ఫైబర్‌గ్లాస్ కార్లకు అల్ట్రాసోనిక్ పరికరం కావాలి.

పెయింటర్ ఊపిరీ ముఖ్యమే
తేమ, దుమ్ము రాకుండా షెడ్డు తలుపులు మూసి రంగు కొట్టే చోట మరో ప్రమాదం పొంచి ఉంది. గట్టిపరిచే ద్రావణం కలిపి వాడే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వీటి తుంపర పీల్చితే ఉబ్బసం వచ్చే అవకాశముంది. ఒకసారి శరీరానికి పడకపోతే ఆపై కొద్ది మోతాదు కూడా ఆయాసం తెప్పిస్తుంది. ముఖానికి చుట్టుకున్న చేతిరుమాలు దీనిని ఆపలేదు. స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కు, గాలిని బయటకు లాగే ఫ్యాన్లు తప్పనిసరి. మంచి రంగు కోరుకునే యజమాని, ఆ రంగు వేసే మనిషికి ఈ సదుపాయాలు ఉన్నాయో లేదో కూడా చూడాలి.

ఇవి పాటించండి
* కారు కడిగాక పూర్తిగా ఆరాకే కప్పండి. గాలి ఆడే గుడ్డ కవరునే వాడండి.
* సముద్ర తీరాన తిరిగి వచ్చాక మంచినీటితో అంచులు, అడుగుభాగం కడగండి.
* తలుపుల అడుగు రంధ్రాలను వర్షాకాలానికి ముందు, తరువాత శుభ్రం చేయించండి.
* రాయి తగిలి రంగు లేచిన చోట వెంటనే పూత వేయించండి.
* షెడ్డులో కంప్రెసర్ ట్యాంకు నీటిని రోజూ వదులుతున్నారో లేదో అడగండి.
* జోరు వానల రోజుల్లో రంగు పని వాయిదా వేయండి.

కొత్తగా లేచిన ఒకటి రెండు బుడగలప్పుడే మేల్కొంటే ఒక పలకతో ఖర్చు ముగుస్తుంది. ఉపేక్షిస్తే అది కారంతటికీ పాకుతుంది.