గాజు చెరువుకు అలుగు

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న అక్వేరియంలో 24 ఘనపుటడుగుల నీరు పడుతుంది. లీటర్లలో చెప్పాలంటే సుమారు 680. గాజు, స్టాండు, రాళ్లు, కింద పెట్టే రెండో తొట్టి అన్నీ కలిస్తే బరువు దాదాపు టన్ను. ఇళ్ల గదులకు చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున బరువు లెక్కకట్టమంటాయి మన భారతీయ ప్రమాణాలు. ఈ తొట్టి తన కాళ్ల కింది చోటు మీద అంతకు నాలుగు రెట్లకు పైగా మోపుతుంది. స్లాబంతా కలిసి మోస్తుంది కనుక పెట్టగానే కూలిపోతుందని కాదు. అయినా గది నడుమ పెట్టకుండా దూలం వెంబడి, గోడవారగా పెట్టించుకోవాలి. మేడ మీదైతే ఇంజినీరును ఒక మాట అడగాలి. ఈ రెండూ చేపలు కొనక ముందే జరగాల్సిన పనులు.

ఇంత నీటికి అంచున తగిలించే చిన్న ఫిల్టరు చాలదు. అందుకే స్టాండు లోపల ఇంకో తొట్టి పెడతారు. దాన్ని సంపు అంటారు. పై తొట్టిలో పొర్లిన నీరు పైపు గుండా సంపులోకి దిగి, స్పాంజీలు, సిరామిక్ ముక్కల మధ్యగా నడిచి శుభ్రపడుతుంది. చివరి అరలోని మోటారు దాన్ని మళ్లీ పైకి తోడుతుంది. వినడానికి ఇంతే. కరెంటున్నంతసేపు ఎవరు బిగించినా ఇది నడుస్తుంది. బిగించినవాడి పనితనం తెలిసేది కరెంటు పోయిన నిమిషంలోనూ, తిరిగి వచ్చిన నిమిషంలోనూ. మన ఊళ్లలో ఆ నిమిషాలకు కొదవలేదు కాబట్టి లెక్క అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

పై తొట్టి మూలన గాజుతోనో అక్రిలిక్‌తోనో ఒక గూడు కట్టి, దాని పైఅంచు మీదుగా నీరు లోపలికి దూకేలా చేస్తారు. చెరువుకు అలుగు ఏమిటో తొట్టికి ఈ అంచు అది. తెలంగాణలో మత్తడి అన్నా, మరోచోట కలుజు అన్నా పని ఒక్కటే: నీరు ఎంత ఎత్తున నిలవాలో నిర్ణయించేది అదే. అలుగు ఎంత పొడవుంటే దాని మీద పారే నీరు అంత పలచన. గంటకు 3000 లీటర్లు పారాలంటే 15 సెంటీమీటర్ల అంచు మీద నీరు సుమారు 2 సెంటీమీటర్ల మందాన పొర్లుతుంది. అంచును 60 సెంటీమీటర్లు చేస్తే ఆ మందం 8 మిల్లీమీటర్లకు దిగుతుంది. పలచగా పొర్లే నీరు పైన తేలే జిడ్డు తెట్టును చక్కగా లాగేస్తుందన్నది ఒక లాభం. రెండో లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. మోటారు ఆగగానే అంచుకు పైనున్న నీరంతా కిందికి దిగుతుంది. మన తొట్టిలో ఒక సెంటీమీటరు నీరంటే 11 లీటర్లు. చిన్న అంచుతో 22 లీటర్లు సంపులో పడేచోట పొడుగాటి అంచుతో తొమ్మిదే పడతాయి. అలుగు దగ్గర వలలు కట్టి చేపలు పట్టే సంగతి తెలిసిందే కదా. ఇక్కడా చేపలు నీటివాలున వచ్చి అటే దూకుతాయి కాబట్టి అంచుకు దువ్వెనలా పళ్లు పెట్టాలి.

అసలు ముప్పు అలుగు నుంచి కాదు, నీటిని పైకి తెచ్చే పైపు నుంచి. దాని మూతి పై తొట్టి నీటిలో మునిగి ఉంటుంది. మోటారు ఆగాక అదే పైపు సైఫన్‌లా మారి, మూతికి గాలి తగిలేదాకా నీటిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఒక అంగుళం నీరంటే ఇక్కడ 28 లీటర్లు. మూతి అంచుకు రెండంగుళాల కింద ఉంటే 56 లీటర్లు, ఆరంగుళాల కింద ఉంటే దాదాపు 170 లీటర్లు సంపు మీద పడతాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న సంపు మొత్తం పట్టేదే 255 లీటర్లు. అందులో సగం నీటితో నడుస్తుంటే మిగిలిన ఖాళీ 125 మాత్రమే. మూతి రెండంగుళాల లోతునుంటే సంపు నిశ్చింతగా సర్దుకుంటుంది. ఆరంగుళాలైతే మిగతాది హాల్లోనే. నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు బిగిస్తే చాలదా అంటారు. ఇసుక రేణువో నత్తో చిక్కుకుంటే అందులోని రెప్ప మూసుకోదు. నీటిమట్టం దగ్గర పైపుకు చిన్న రంధ్రం పెట్టి గాలి పీల్చుకోనివ్వడం ఇంకో ఉపాయం, అయితే దాన్నీ పాచి మూసేస్తుంది. ఈ రెంటినీ నమ్మి సంపు చిన్నదిగా కట్టించుకోవడం నాకు నచ్చదు. మూతిని పైకి పెట్టి, సంపులో చోటు వదలడమే దారి. చోటుకు పాచి పట్టదు, రెప్ప ఇరుక్కోదు.

ఇక దిగే పైపు. తిన్నగా నిలబెట్టిన గొట్టంలోకి నీరు దూకితే సుడి తిరుగుతూ గాలిని లాక్కుని గుడగుడమంటుంది. ఒక్కోసారి పైపు నిండి సైఫన్ పట్టుకుని నీటినంతా సర్రున లాగేసి తెగిపోతుంది, మళ్లీ పట్టుకుంటుంది. రాత్రిపూట పక్కగదిలో ఎవరో అదేపనిగా ఫ్లష్ నొక్కుతున్నట్టుంటుంది. దీనికి పాత విరుగుడు డర్సో పైపు: గొట్టం తలను కిందికి వంచి, పైన మూతకు చిన్న రంధ్రం పెడితే గాలీ నీరూ గొడవపడకుండా కలిసి దిగుతాయి. మధ్యరకం ప్రవాహానికి ఇది చాలు.

ఇంకా నిశ్శబ్దం కావాలంటే గాలిని పూర్తిగా తప్పించాలి. హెర్బీ పద్ధతిలో రెండు గొట్టాలుంటాయి. ఒకటి నిండా నీటితో సైఫన్‌లా పారుతుంది, దానికి కింద గేట్ వాల్వు పెట్టి ప్రవాహాన్ని సరిచేస్తారు. రెండోది కాస్త ఎత్తున పొడిగా నిలబడి, మొదటిది మూసుకుపోయిన రోజున పనికొస్తుంది. చిక్కేమిటంటే వచ్చే నీటికీ పోయే నీటికీ అణువంత తేడా లేకుండా వాల్వు తిప్పడం ఎవరివల్లా కాదు. అందుకే బీన్ యానిమల్ పద్ధతి మూడో గొట్టాన్ని చేర్చింది. సైఫన్ మోయగా మిగిలిన సన్నటి ధార ఇందులోంచి గోడ వెంబడి జారిపోతుంది. దాని తలకు అతికించిన సన్న గాలిగొట్టం కొస నీటిమట్టానికి కొంచెం పైన ఉంటుంది. ఎందుకైనా నీరు పెరిగి ఆ కొస మునిగిందా, గాలి ఆగిపోయి ఆ గొట్టం కూడా సైఫన్‌గా మారి బరువంతా తానే ఎత్తుకుంటుంది. స్విచ్చులు లేవు, సెన్సర్లు లేవు. నీటి స్వభావంతోనే నీటికి కాపలా పెట్టిన ఈ ఏర్పాటును మించినది ఇంటి అక్వేరియాల్లో నేను చూడలేదు. కొత్తగా తొట్టి చేయించుకునేవారు మూడు రంధ్రాలకు డబ్బు వెచ్చించడమే మేలు.

కరెంటు తిరిగొచ్చినప్పుడు సైఫన్ గొట్టం నిండా గాలి ఉంటుంది. నీరు దిగి ఆ గాలిని కింది మూతి గుండా తోసేయాలి. ఆ మూతి సంపులో లోతుగా మునిగి ఉంటే గాలి బయటపడలేదు, సైఫన్ పట్టుకోదు. అంగుళం లోతు చాలు.

గాజుకు రంధ్రం వజ్రపు పూత ఉన్న బిట్టుతో, నీళ్లు పోస్తూ నెమ్మదిగా వేస్తారు. టఫెన్డ్ గాజు అయితే బిట్టు తగలగానే పొడిపొడి అవుతుంది. ముందుగా ఆ రంధ్రంలో బిగించే ట్యాంక్ నిపిల్ కొని కొలత తీసుకున్నాకే రంధ్రం వేయించాలి. రంధ్రం ఉన్నచోట నీరు కారే భయమూ ఉంటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకుండే ఆరు దోషాలను చెబుతూ అది కట్ట నుంచి నీరు కారడాన్ని వాటిలో చేర్చింది. మన కట్టకు కన్నం మనమే పెడుతున్నాం కాబట్టి రబ్బరు వాషరు పిసినారితనం చూపించాల్సిన చోటు కాదు. గేట్ వాల్వు అడిగితే హార్డ్‌వేర్ దుకాణాల్లో తరచు ఇత్తడిదే చేతికిస్తారు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి రొయ్యలకూ నత్తలకూ విషం. వెతికైనా పీవీసీదే తేవాలి. మోటారు డబ్బా మీద ఉన్న అంకె ఎత్తు లేనప్పటిది. ఐదడుగుల పైకి ఎంత తోడుతుందో పట్టికలో చూసి కొనాలి.

సంపు పొంగడం ఒక ప్రమాదమైతే దాని తిరగబడ్డ రూపం ఇంకోటి ఉంది. దిగే పైపులన్నీ మూసుకుపోయి మోటారు మాత్రం తోడుతూనే ఉంటే పై తొట్టి పొర్లుతుంది. దీనికి మందు సంపు చివరి అరలో ఉంది. మోటారున్న ఆ అరలో 25 లీటర్లే ఉంటే, పైకి ఎక్కగలిగేదీ 25 లీటర్లే. పై తొట్టిలో నీటికీ తొట్టి పైఅంచుకూ మధ్య ఒకటిన్నర అంగుళం వదిలితే 42 లీటర్లకు చోటుంటుంది. మోటారు ఒట్టిగా తిరిగి పాడైతే పాడవుతుంది కానీ నేల తడవదు. అయితే ఆ అర చిన్నదయ్యేకొద్దీ రోహిణి కార్తెలో నీరు ఆవిరై తొందరగా తగ్గిపోతుంది. దానికోసం కొందరు మేడ మీది ట్యాంకు నుంచి నేరుగా పైపు లాగి ఫ్లోట్ వాల్వు పెడతారు. అది ఒక్కసారి ఇరుక్కుంటే మేడ మీది ట్యాంకంతా హాల్లోకి దిగుతుంది. పక్కన పదిహేను లీటర్ల డబ్బా పెట్టి, అందులోంచే నీరు వచ్చేలా చేయాలి.

చేపలు వేయకముందే రెండు పరీక్షలు చేయాలి. నీళ్లు నింపి మోటారు నడుస్తుండగా మెయిన్ ఆపి, నీరు దిగడం ఆగినచోట సంపు మీద మార్కరుతో గీత గీయాలి. తర్వాత మోటారు నడుపుతూ పైపుల మూతులన్నీ గుడ్డతో బిగించి, పక్కన నిలబడి చూడాలి. మొదటి పరీక్షలో సంపు అంచు దాకా వస్తే నడిచే మట్టం తగ్గించుకోవాలి. రెండోదానిలో పై తొట్టి పొర్లితే సంపు చివరి అర అడ్డుగాజును జరిపి చిన్నది చేయించాలి. ఈ రెండు మార్పులూ తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు అరపూట పని.