కఫాన్ని పలుచన చేసే మందు: అనుమతికి ఎందుకంత కాలం పట్టింది?

"పేపర్లో కొత్త మందు గురించి రాశారు, మా బిడ్డకు ఎప్పుడు ఇస్తారు?" ఇంట్లో దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు అడిగే ప్రశ్న ఇది. పేపర్లో వార్త రావడానికీ, మందు రోగి చేతికి అందడానికీ మధ్య ఏమి జరుగుతుందో ఒక మందు చరిత్ర ద్వారా ఈ సంచికలో వివరిస్తున్నాము.

జబ్బు ఏమిటి?

సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుకతో వచ్చే జబ్బు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, లోపమున్న జన్యువులు రెండూ బిడ్డకు చేరినప్పుడు ఇది వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఆ జన్యువును శాస్త్రవేత్తలు 1989లో కనుగొన్నారు. దాని లోపం వల్ల శ్వాసనాళాల లోపలి పొరలో ఉప్పు, నీరు సరిగా కదలవు. కఫం బంకలా చిక్కబడి గొట్టాలను మూసివేస్తుంది. అందులో క్రిములు చేరి, మళ్ళీ మళ్ళీ నెమ్ము చేసి, ఊపిరితిత్తులను కొద్దికొద్దిగా పాడుచేస్తాయి.

మందు ఎలా పనిచేస్తుంది?

మానిటాల్ చక్కెరకు దగ్గరి పదార్థం. మెదడు వాపు తగ్గించడానికి నరంలోకి ఎక్కించేది కూడా ఇదే. ఆస్ట్రేలియాకు చెందిన ఫార్మాక్సిస్ కంపెనీ దీన్ని పీల్చుకునే పొడిగా చేసి బ్రాంకిటాల్ అని పేరు పెట్టింది. మాగాయకు కోసిన మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట దిగడం మనందరం చూసిందే. అలాగే ఈ పొడి శ్వాసనాళాల్లోకి నీటిని లాగుతుంది. కఫం పలుచనై దగ్గుతో బయటికి వస్తుంది. ఒక్కొక్కటి 40 మిల్లీగ్రాముల గొట్టాలు ఉదయం పది, సాయంత్రం పది పీల్చాలి.

అనుమతి కథ

2011లో ఆస్ట్రేలియా, 2012లో ఐరోపా సమాజం దీనిని అనుమతించాయి. ఐరోపాలో పెద్దవారికి మాత్రమే ఇచ్చారు. ఇక అమెరికాలో కూడా వచ్చేస్తుందని చాలామంది అనుకున్నారు. కాని 2013 జనవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. సలహా సంఘంలోని 14 మంది సభ్యులూ వద్దనే ఓటు వేశారు.

ఎందుకు? రెండు పెద్ద పరీక్షల్లో ఒకదానిలో మందు తీసుకున్నవారు ఎక్కువ సంఖ్యలో మధ్యలోనే మానేశారు. మానేసినవారికి మేలు జరిగిందో లేదో తెలియకుండా మిగిలినవారి లెక్క మాత్రమే చూస్తే మందు ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కొందరు పిల్లలకు దగ్గులో రక్తం పడటం కలవరపెట్టింది.

అప్పుడు పెద్దవారితో మాత్రమే మూడో పరీక్ష జరిపారు. 423 మంది 26 వారాలు పాల్గొన్నారు. ఒక్క సెకనులో బలంగా ఊదగలిగే గాలి, పోల్చి చూసిన రెండో గుంపు కంటే సుమారు 50 మిల్లీలీటర్లు పెరిగింది. అంటే పది టీస్పూన్లంత. ఇది పెద్ద మేలా, చిన్న మేలా? 2019 మేలో సలహా సంఘం 9-7 ఓట్లతో అనుకూలమంది. నిపుణుల్లో కూడా అంత భేదాభిప్రాయం ఉన్నదన్నమాట. మందు వాడే సూచనలను, ప్యాకింగును మళ్ళీ పరీక్షించమన్న తరువాత, 2020 అక్టోబరు 30న ఎఫ్.డి.ఎ. అనుమతించింది. అది కూడా 18 ఏళ్ళు నిండినవారికి, మిగతా చికిత్సకు తోడుగా మాత్రమే. పైగా మొదటి మోతాదును ఆసుపత్రిలో డాక్టరు ఎదుట పీల్చి, శ్వాసనాళాలు ముడుచుకుపోవని తేలితేనే ఇంటికి ఇస్తారు.

ఆలస్యం న్యాయమేనా?

ఊపిరి అందక బాధపడే రోగికి ఏడేళ్ళు చాలా ఎక్కువ. ఆ బాధను మేము తక్కువ చేసి మాట్లాడము. అయితే ఆ ఏడేళ్ళలోనే మందు ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి ఇవ్వకూడదో తేలింది. తొందరపడితే ఆ నష్టం ముందుగా పిల్లల మీద పడేది. ఈలోగా రోగులు ఖాళీగా కూర్చోలేదు. 1993లో అనుమతి పొందిన డోర్నేస్ ఆల్ఫా, గాఢమైన ఉప్పునీటి ఆవిరి, వీపు తట్టి కఫం తీసే ఫిజియోథెరపీ వారికి ఉన్నాయి. 2019లో జన్యులోపం వల్ల చెడిన ప్రోటీనునే సరిచేసే ట్రైకాఫ్టా కూడా అమెరికాలో వచ్చింది.

మీరు గుర్తుంచుకోవలసినవి

• బిడ్డను ముద్దు పెట్టుకుంటే చర్మం ఉప్పగా ఉండటం, మాటిమాటికీ నెమ్ము రావడం, బాగా తిన్నా బరువు పెరగకపోవడం, విరేచనం జిడ్డుగా ఉండటం కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. చెమటలోని ఉప్పును కొలిచే పరీక్షతో ఈ జబ్బు తెలుస్తుంది.
• మేనరికపు సంబంధాల్లో ఇలాంటి జన్యు జబ్బులకు అవకాశం ఎక్కువ. ఒక బిడ్డకు ఉంటే, తరువాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.
• దగ్గిన ప్రతివారికీ ఈ జబ్బు ఉండదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందుగా తెమడ పరీక్ష చేయించుకోండి.
• నరానికి ఎక్కించే మానిటాల్ సీసాను ఇంట్లో ఆవిరి యంత్రంలో పోసి పీల్చవద్దు. అది ప్రమాదం.
• కొత్త మందు వార్త చదివితే కాగితాన్ని వెంట తీసుకురండి. అది ఏ వయసువారికి, ఏ జబ్బుకు అనుమతి పొందిందో కలిసి చూద్దాము.