నాన్నగారి పంచె ఎక్కడికి పోయింది?

మా మనవరాలికి ఆరేళ్ళు. ఇక్కడ జాలహళ్ళిలో కన్నడ బడికి వెళుతుంది. పోయిన దసరా సెలవుల్లో కంప్యూటరు మీద పొలం బొమ్మ వేసింది. పచ్చటి మడి, నీలం కాలువ, మూలన సూర్యుడు. "తాతయ్యా, ఇక్కడ ఒక ఎత్తు కావాలి" అంది. ఎంత ఎత్తమ్మా అన్నాను. విసుక్కుని రెండు చేతులూ కొమ్ముల్లా తలమీద పెట్టి చూపించింది. కన్నడంలో ఎత్తంటే ఎద్దు. రెండు మాటలూ అక్కచెల్లెళ్ళే. కానీ మా ఇంట్లో ఎద్దు అనే మాటకే పని లేకుండా పోయిందని అప్పుడు తెలిసొచ్చింది. చివరి జత అమ్మి ట్రాక్టరు కొన్న తర్వాత పుట్టిన పిల్ల మరి!

తను బొమ్మలు వేసే ప్రోగ్రాం పేరు టక్స్ పెయింట్. 2002లో అమెరికాలో బిల్ కెండ్రిక్ అనే ఆయన మొదలుపెట్టారు. మూడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకోసం తయారైంది, పైసా ఖర్చు లేదు. అందులో రబ్బరు ముద్రల్లాంటి 'స్టాంపులు' ఉంటాయి. మన ఇంటి బొమ్మలు కూడా చేర్చుకోవచ్చని తెలిసి, ఒక ఎద్దు ఫోటో తెచ్చి పెట్టాను. ఎద్దు వచ్చింది గానీ దాని చుట్టూ ఉన్న తెల్లటి చదరం కాలువనీ సగం మడినీ మింగేసింది. పిల్ల మొహం చిన్నబోయింది.

తోలుబొమ్మలు చూసినవారికి ఈ చిక్కు సులభంగా బోధపడుతుంది. బొమ్మ అంచు వెంట తోలు కోసేస్తేనే తెరమీద హనుమంతుడు హనుమంతుడిలా కనబడతాడు. కంప్యూటరులో కత్తెర పని చేసేది ఒక అంకె. ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలతోబాటు 'ఆల్ఫా' అనే నాలుగోది ఉంటుంది. అది సున్నా అయితే చుక్క పూర్తిగా పారదర్శకం, 255 అయితే వెనకది ఏమీ కనబడదు. పాత జి.ఐ.ఎఫ్. పద్ధతిలో ఉంటే ఉంది, లేకపోతే లేదు, మధ్యరకం లేదు. 1996లో ఆమోదం పొందిన పి.ఎన్.జి.లో ఆ మధ్యరకం కూడా ఉంది కనుక అంచులు నున్నగా వస్తాయి. జె.పి.జి.లో ఈ నాలుగో అంకెకు చోటే లేదు. తెలియక ఒక సాయంత్రం పనంతా అందులో దాచి పోగొట్టుకున్నాను.

కోతకు నేను వాడింది గింప్. ఇదీ ఉచితమే. (టక్స్ అనే ఆ పెంగ్విన్ బొమ్మను 1996లో లారీ ఈవింగ్ గీసింది కూడా గింప్‌తోనే.) ముందు 'యాడ్ ఆల్ఫా చానెల్' అని నొక్కాలి. అది మరిచిపోతే చెరిపిన చోట ఖాళీ రాదు, మళ్ళీ రంగే వచ్చి కూర్చుంటుంది.

పిల్లకి ఊరూపేరూ లేని ఎద్దు ఎందుకు, మన ఎద్దునే ఇద్దామని పాత ఫోటో తీశాను. నాన్నగారు పశ్చిమ గోదావరి నుంచి రాయచూరు జిల్లాకు వచ్చిన కొత్తల్లోది. సున్నం కొట్టిన గోడ ముందు తెల్ల ఎద్దు ముకుతాడు పట్టుకుని నిలబడ్డారు. మా దగ్గర ఆయన ఫోటో అదొక్కటే. 'సెలెక్ట్ బై కలర్' అని తెలుపుమీద నొక్కి చెరిపాను. గోడ పోయింది. దానితోపాటే నాన్నగారి పంచె, ఎద్దు ఒళ్ళూ పోయాయి! కొమ్ములు, మీసాలు, నాలుగు గిట్టలు మిగిలాయి. మా ఆవిడ ముందు నవ్వింది, తర్వాత "మామయ్యగారిని అలా చూడలేనండీ, తీసేయండి" అంది.

అప్పుడిక చేత్తోనే కోశాను. బొమ్మను నాలుగింతలు పెద్దది చేసుకుని, 'ఫ్రీ సెలెక్ట్'తో అంచు వెంట చుక్కచుక్కా పెట్టుకుంటూ మూడు సాయంత్రాలు. మీరు చేసేటప్పుడు మాత్రం చెరపకండి, 'లేయర్ మాస్క్' వేసుకోండి. దానిమీద నలుపు పూస్తే బొమ్మ దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగి వస్తుంది. పొరబాటున వేలు తెగినా అతికించవచ్చు. అంచు చుట్టూ తెల్లటి గీత మిగిలిందేమో తెలియాలంటే కింద ముదురురంగు పొర ఒకటి పరిచి చూడాలి. తోక కుచ్చు దగ్గర నేను ఓడిపోయాను, కాస్త పొట్టిగా కత్తిరించేశాను.

కొత్తగా ఫోటోలు తీసేవారికి ఇంత శ్రమ లేదు. మల్లెపూలు, వెండి కుంకుమభరిణె నల్ల గొంగళిమీద పెట్టి తీశాం. రోలు, చేట, జల్లెడ తెల్ల దుప్పటిమీద.

స్టాంపు పేరుతోనే ఒక చిన్న టెక్స్టు ఫైలు ఉండాలి. మొదటి వరుసలో ఇంగ్లీషు మాట, తర్వాత ఒక్కో భాషకు ఒక్కో వరుస. తెలుగు వరుసలో ఎద్దు, కన్నడ వరుసలో ఎత్తు అని రాశాను. గొంతు కూడా చేర్చవచ్చు కనుక "ఎద్దు" అని మా ఆవిడ చేత పలికించాం. ఆవిడ ఊరుకోక "హై, హై" అని అదిలించింది కూడా.

నాన్నగారినీ ఎద్దునీ రెండు స్టాంపులుగా విడదీశాను. మధ్యలోని ముకుతాడు కోతలో పోయింది. పిల్ల ఎద్దును కాలువగట్టున పెట్టి, నాన్నగారిని తిప్పి దానికి ఎదురుగా నిలబెట్టింది. "ఈ తాత చెయ్యి ఎందుకలా ఉంది?" అంది. ముకుతాడు పట్టుకున్నారమ్మా అని, అదేమిటో ఎక్కడ కడతారో చెప్పాను. కుంచె తీసుకుని, ఎద్దు ముక్కు నుంచి ఆయన గుప్పిటి దాకా వంకరగా ఒక ఎర్ర గీత గీసింది.